నాలుగు కోట్ల డెబ్భై ఒక్క లక్షల క్షమాపణలు

ఎద్దు ఈనిందంటే గాటన కట్టెయ్యమనే ఆఫీసులు లోకంలో చాలా ఉన్నాయి. తాళ్ళగుంట మునిసిపాలిటీ ఆ కోవలోది కాదు. అక్కడ ఎద్దు ఈనిందని కబురొస్తే ముందు పురుడు పోయడానికి ఒక కమిటీ వేస్తారు, దూడకు పేరు పెట్టడానికి ఇంకో కమిటీ వేస్తారు, ఆ తరవాత జున్నుపాలకు టోకెన్లు అచ్చు వేయిస్తారు. ఎద్దేమిటి, ఈనడమేమిటి అని అడిగినవాడికి మెమో ఇస్తారు.

ఆ మునిసిపాలిటీలో దడాల నూకరాజు ఇరవై రెండేళ్ళుగా దోమల మేస్త్రి. సాయంత్రమయ్యేసరికి పొగమిషను భుజాన తగిలించుకుని సందు సందూ తిరిగేవాడు. మిషను చప్పుడు వినబడగానే పిల్లలు ఇళ్ళలోంచి ఉరికి పొగలో గంతులేసేవారు, పెద్దవాళ్ళు దగ్గుతూ తలుపులు మూసుకునేవారు, దోమలు పక్క వీధికి పోయేవి. నూకరాజు పక్క వీధికి వెళ్తే అవి మళ్ళీ ఈ వీధికి వచ్చేవి. ఎవరి పని వారు శ్రద్ధగానే చేసేవారు.

ఇరవై రెండేళ్ళూ అతనిది కాంట్రాక్టు కొలువే. ప్రతి ఏడూ మార్చి ముప్పై ఒకటిన ఊడిపోయి, ఏప్రిల్ మొదటి వారంలో మళ్ళీ అతుక్కునేది. ఆ వేసవిలో మాత్రం పైనుంచి ఒక కాగితం వచ్చింది. ఇరవై ఏళ్ళు దాటిన కాంట్రాక్టు పనివాళ్ళను పర్మనెంటు చెయ్యవచ్చును, సర్వీసు రికార్డు సరిచూసి కమిషనరు సంతకం పెడితే చాలును అని. తాళ్ళగుంటలో ఆ లెక్కకు సరిపోయినవాడు నూకరాజు ఒక్కడే. ఈ మాట వినగానే అతని భార్య మంగతల్లి నూకాలమ్మకు మేకపోతును మొక్కేసింది. మొక్కి ఊరుకోలేదు, ఆలస్యమైతే అమ్మవారు అలుసుగా తీసుకుంటుందని ఆ వారమే సంతలో పిల్లను కొని తెచ్చి పెరట్లో జామచెట్టుకు కట్టేసింది. సంతకం అయ్యేలోపు అదీ పెరుగుతుంది కదా అని ఆవిడ ధీమా. నూకరాజు రోజూ ఆఫీసుకు వెళ్తూ మేకపిల్లను చూసేవాడు, మేకపిల్ల అతన్ని చూసేది. ఇద్దరి భవిష్యత్తూ ఒక్క సంతకం మీదే ఉందని ఇద్దరిలో ఒకరికే తెలుసు.

సరిగ్గా ఆ సమయంలోనే కమిషనరు మృత్యుంజయరావు గారు ఒత్తిడి లేని పరిపాలన మీద అయిదురోజుల శిక్షణకని ఏదో కొండమీది ఊరికి వెళ్ళారు. ఆయన శిక్షణకు వెళ్తున్నారంటే ఆఫీసంతా హడలిపోయేది. కిందటేడు అలాగే వెళ్ళొచ్చి, రోజూ పదిన్నరకు అందరూ వరండాలో నిలబడి పదిహేను నిమిషాలు నవ్వాలని ఉత్తర్వు ఇచ్చారు. వాళ్ళమ్మ పోయిన పదకొండో రోజున డ్యూటీకి వచ్చిన టైపిస్టు చేత కూడా నవ్వించి రిజిస్టరులో సంతకం తీసుకున్నారు.

ఈసారి కొండమీద ఒక పెద్దాయన వచ్చి జైనధర్మం గురించి గంటసేపు చెప్పాడట. చీమకైనా హాని చెయ్యకూడదని, మనసుతో చేసినా మాటతో చేసినా హింస హింసేనని, నడిచేటప్పుడు నేల చూసి నడవాలని, నీళ్ళు వడకట్టుకుని తాగాలని, ఏడాదికోసారి సకల ప్రాణులనూ క్షమాపణ అడగాలని. మంచి మాటలు, ఎవరు కాదంటారు? చివర్లో ఆయన, ఇదంతా ఎవరికి వారు తమతోనే మొదలుపెట్టాలి, ఇంకొకరి మీద రుద్దితే అదీ హింసే అవుతుంది అని ముగించాడట. ఆ ముక్క చెప్పే సమయానికి మృత్యుంజయరావు గారు బయట ఫోను మాట్లాడుతున్నారు.

ఊళ్ళో దిగిన మర్నాడే ఉత్తర్వు వచ్చింది.

"ఇందుమూలముగా సమస్త సిబ్బందికి తెలియజేయునది ఏమనగా, ఈ తేదీ నుండి తాళ్ళగుంట పురపాలక సంఘ పరిధిలో అహింస అమలులోనికి వచ్చినది. సిబ్బంది ఎవరునూ మనసా వాచా కర్మణా ఏ ప్రాణికినీ హాని తలపెట్టరాదు. తలపెట్టినచో కఠిన చర్యలు తీసుకొనబడును."

మొదట్లో అందరికీ బాగానే ఉంది. నాలుగు మూరల మేర నేల చూసుకుంటూ నడవాలి కనుక గుమాస్తాలు పదిన్నరకు రావలసినవాళ్ళు పన్నెండుకు వచ్చారు. పొద్దు గూకకముందే భోజనం చెయ్యాలి కనుక మూడున్నరకే టిఫిను డబ్బాలు సర్దుకున్నారు. నేల తవ్వి తీస్తే అక్కడి ప్రాణులు చస్తాయని క్యాంటీనులో ఉల్లి, బంగాళాదుంప, కంద మానేశారు. రికార్డు రూములో ఎలుకల బోనులు తీయించి, అక్కడ పదేళ్ళుగా నమ్మకంగా పనిచేస్తున్న పిల్లిని హింసా ప్రవృత్తి కారణంగా కూరగాయల మార్కెట్టుకు డెప్యుటేషను మీద పంపారు. చెదలు కనిపిస్తే కిరసనాయిలు పొయ్యకుండా, వాటి శాంతికి భంగం కలగకుండా తలుపు మెల్లిగా మూసి రావాలన్నారు.

కౌంటరు దగ్గర ఇంకో చిక్కు వచ్చింది. 'లేదు', 'కాదు' అనే మాటలు అర్జీదారు మనసును నొప్పిస్తాయి కనుక వాటిని నిషేధించారు. సత్యాన్ని అనేక కోణాల్లోంచి చూడాలని జైనులు చెబుతారట. దాన్ని కూడా ఆఫీసులో ప్రవేశపెట్టారు. కొళాయి మంజూరైందా బాబూ అని ముసలమ్మ అడిగితే, ఒక కోణంలో అయింది, ఇంకో కోణంలో చూడాలి అని గుమాస్తా ఎంతో మర్యాదగా జవాబు చెప్పేవాడు. ముసలమ్మ ఏ కోణంలో తిప్పినా కొళాయిలో నీళ్ళు రాలేదు. కానీ ఇరవయ్యేళ్ళుగా ఆ కౌంటర్లో ఇస్తున్న జవాబుకే ఇప్పుడు శాస్త్రప్రమాణం దొరికిందని గుమాస్తాలు సంబరపడ్డారు.

గోరుచుట్టు మీద రోకటిపోటు పడింది నూకరాజుకే. దోమల నిర్మూలన విభాగం బోర్డు పీకేసి, దోమల సహజీవన విభాగం అని కొత్త బోర్డు పెట్టారు. పొగమిషనును బీరువాలో పెట్టి, తాళం వేసి, లక్క సీలు వేశారు. ఆ మిషనును నూకరాజు పసిబిడ్డలా చూసుకునేవాడు. దసరాకి బొట్టుపెట్టి కొబ్బరికాయ కొట్టేవాడు. సీలు వేస్తుంటే పక్కనే నిలబడి చూశాడు. ఎదురు చెబితే వాచిక హింస కింద రాస్తారని నోరు మూసుకున్నాడు.

మురిక్కాలవల సంగతి ఇంతకన్నా ఘనంగా జరిగింది. జైనుల ఇళ్ళలో నీళ్ళు గుడ్డతో వడకడతారు. గుడ్డలో మిగిలిన సూక్ష్మప్రాణులను పారేయరు, ఏ నూతి నీళ్ళో ఆ నూతిలోకే మెల్లిగా దింపుతారు. ఎంతో కనికరం ఉన్న ఆచారం. కమిషనరు గారు దీన్ని పురపాలక సంఘానికి అన్వయించారు. కాలవలోంచి పూడిక తీసినప్పుడు అందులో దోమపిల్లలు, వానపాములు, ఇంకా పేరు తెలియని జీవాలు నిర్వాసితులవుతున్నాయి కనుక, తీసిన పూడికను అదే రోజు సాయంత్రం నాలుగు గంటల్లోగా, తీసిన చోటనే తిరిగి వెయ్యవలెను. పనివాళ్ళు పొద్దున కాలవ తవ్వి గట్టున పోసేవారు, మధ్యాహ్నం గట్టున ఉన్నది కాలవలో పోసేవారు. పనికి ముందొక ఫోటో, పనిలో ఒక ఫోటో, పని అయ్యాక ఒక ఫోటో తీసి పంపాలి. ముందుదీ చివరిదీ ఒకేలా ఉన్నాయంటే ఏ ప్రాణికీ ఇబ్బంది కలగనట్టు రుజువన్నమాట. ఈ విధానాన్ని చూడటానికి పక్క మునిసిపాలిటీల నుంచి రెండు బృందాలు వచ్చి మెచ్చుకుని వెళ్ళాయి.

వానలు మొదలయ్యాయి. దోమలు ఊరి మీద పడ్డాయి. పొగలేదు, మందు లేదు, పట్టపగలే చెవిలో పాట. నూకరాజు ఉండే కుమ్మరివీధిలో ఇంటికొకరు జ్వరంతో పడుకున్నారు.

నూకరాజు తన ఫైలు ఎక్కడిదాకా వచ్చిందని అడగబోతే, పర్మనెంటు కావాలంటే ముందు అహింసా యోగ్యతాపత్రం తీసుకోవాలన్నారు. దరఖాస్తు ఫారంలో పేరు, తండ్రి పేరు, పుట్టుమచ్చలు అయ్యాక నాలుగో నంబరులో ఒక ప్రశ్న ఉంది. 'ఇప్పటివరకు హరించిన ప్రాణుల సంఖ్య.' ఆ కాగితం పట్టుకుని హెల్తాఫీసరు పరబ్రహ్మం గారి దగ్గరికి వెళ్ళాడు.

పరబ్రహ్మం గారి గురించి ఒక్క మాట చెప్పాలి. ఏ కమిషనరు వస్తే ఆ కమిషనరు మతం పుచ్చుకోవడం ఆయన మతం. నవ్వుల ఏడాదిలో అందరికంటే గట్టిగా నవ్వింది ఆయనే. ఇప్పుడు నోటికి తెల్లగుడ్డ కట్టుకుని, కుర్చీలో కూర్చునే ముందు మెత్తటి కుంచెతో సీటు మూడుసార్లు తుడుచుకుంటున్నాడు. అహింసా అమలు కమిటీకి అధ్యక్షుడు కూడా ఆయనే.

ఆయన గారు ఇరవై రెండేళ్ళ వార్షిక నివేదికలు తెప్పించి, కూడించి, మళ్ళీ రికార్డు రూముకు పంపేశారు. మొత్తం నాలుగు కోట్ల డెబ్భై ఒక్క లక్షల దోమలు తేలాయి.

ఆ అంకెలు ఎలా పుట్టాయో పరబ్రహ్మం గారికి తెలియనిదా? ప్రతి మార్చిలోనూ ఆయనే పిలిచి, ఈ ఏడు ఎన్ని దోమలు చచ్చాయోయ్ అని అడిగేవాడు. దోమ శవాలను ఎవరు లెక్కపెట్టగలరండీ అని నూకరాజు బుర్ర గోక్కునేవాడు. సరే, కిందటేటి మీద పది శాతం పెంచి రాయి, విభాగం అభివృద్ధిలో ఉన్నట్టు కనబడాలి అని ఆయనే చెప్పేవాడు. అలా ఏటేటా పెరిగిన అంకె చూసి పైవాళ్ళు పరబ్రహ్మం గారికి రెండుసార్లు శాలువా కప్పారు. ఇప్పుడు ఆ శాలువా ఆయన భుజాన ఉంది, హత్యలు నూకరాజు నెత్తిన ఉన్నాయి.

"నిన్ను క్షమించడానికి కమిటీకి అభ్యంతరం ఏమీ కనబడుట లేదు నూకరాజూ," అన్నాడు పరబ్రహ్మం తెల్లగుడ్డ వెనకనుంచి. "అయితే హరించిన ఒక్కొక్క ప్రాణికి ఒక్కొక్క క్షమాపణ చొప్పున నువ్వు చెప్పుకోవలసి ఉంటుంది. టోకున చెప్పుట నిబంధనలకు విరుద్ధం."

నిమిషానికి పది క్షమాపణలు, రోజుకు ఎనిమిది గంటలు. ఆదివారాలు, పండగలు కూడా కలుపుకుంటే ఇంచుమించు ఇరవై ఏడేళ్ళు పడుతుందని టైపిస్టు లెక్కకట్టి చెప్పాడు. నూకరాజుకు యాభై ఒకటి నడుస్తున్నాయి. అరవై రెండుకు రిటైరైపోయి, డెబ్భై ఎనిమిదో ఏట పర్మనెంటు అవుతాడన్నమాట. వరండాలో ఒక బల్ల వేసి, ఒక కుర్చీ వేసి, క్షమాపణలు నమోదు చెయ్యడానికి రిజిస్టరు ఒకటి ఇచ్చారు. మర్నాటి నుంచి అతను అక్కడ కూర్చుని 'క్షమించు, క్షమించు' అని గొణుక్కుంటూ గీతలు గీయడం మొదలుపెట్టాడు. గీతలు గీస్తున్నంతసేపూ దోమలు కుడుతూనే ఉన్నాయి. ఎవరు ఎవరికి క్షమాపణ చెప్పాలో అతనికి అర్థం కాలేదు.

పదో రోజుకు మంగతల్లికి జ్వరం తగిలింది. ఎముకలు కొరికే చలి, దుప్పటి మీద దుప్పటి కప్పినా ఆగని వణుకు. ఆసుపత్రిలో చేర్చి పక్కన కూర్చున్నాడు. ఇరవై రెండేళ్ళు ఊరందరి గుమ్మాల్లో పొగ వేసినవాడి ఇంట్లోనే జ్వరం దూరిందే అని అతనికి ఏడుపొచ్చింది, సిగ్గేసింది. అంతకన్నా ఎక్కువ కోపమొచ్చింది. మంగతల్లి కళ్ళు తెరిచి మొదట అడిగింది మాత్రం, మేకకు ఆకు వేశావా అని.

ఆసుపత్రి నుంచి వస్తూ అతను స్టీలు సామాన్ల పారస్‌మల్ సేటు ఇంటి మెట్లెక్కాడు. సేటుది కుమ్మరివీధి మొగలోనే కొట్టూ ఇల్లూ. తాతల నాడు మార్వాడ నుంచి వచ్చినవాళ్ళు. ఆయన పుట్టింది, బళ్ళో చదివింది, ముసలివాడయింది తాళ్ళగుంటలోనే. నలభై వేల జనాభాలో నిజంగా జైనుడన్నవాడు ఆయనొక్కడే. ఇన్నాళ్ళ ఈ గొడవలో ఆయన్ని ఒక్క మాట అడుగుదామని మునిసిపాలిటీలో ఎవరికీ తోచలేదు.

సేటు ఎండ ఉండగానే తన రొట్టె ముగించి, ఇత్తడి బిందె మూతికి తెల్లగుడ్డ కట్టి నీళ్ళు వడకడుతున్నాడు. నూకరాజు చెప్పిందంతా విన్నాడు. నాలుగు కోట్ల దగ్గర నవ్వు ఆపుకోలేక బిందె కింద పెట్టేశాడు. మంగతల్లి జ్వరం మాట వినగానే ఆ నవ్వు పోయింది. అప్పుడు నూకరాజు చుట్టూ చూశాడు. పెరట్లో ప్రతి గిన్నె మీదా మూత ఉంది. తొట్టి కడిగి బోర్లించి ఉంది. కాలవలో నీరు నిలవకుండా పారుతోంది. ఇరవై రెండేళ్ళలో ఈ ఇంట్లో తనకు ఒక్క దోమపిల్ల కనబడలేదని అతనికి అప్పుడు గుర్తొచ్చింది.

"మీరు దోమల్ని ఏం చేస్తారండి సేటుగారూ?" అన్నాడు.

"పుట్టనివ్వను. పుట్టాక చంపుదామా వద్దా అని కొట్టుకోవడం కంటే అది తేలిక కదా," అన్నాడు సేటు. "మా అమ్మ చెప్పేది, హింస చేతిలో కన్నా ముందు అజాగర్తలో ఉంటుందని. నీళ్ళు నిలవబెట్టి, దోమల్ని పెంచి, మనుషుల్ని జ్వరాన పడేసి, దానికి అహింస అని పేరు పెడితే ఎలాగయ్యా? నూతిలో ప్రాణిని నూతిలో వదలమన్నారు గానీ, కాలవలో కుళ్ళు కాలవలో పొయ్యమన్లేదు."

తరవాత, నిజంగా అన్ని చంపావా అని అడిగాడు. నూకరాజు తల అడ్డంగా ఊపి పది శాతం కథ చెప్పాడు. చంపనివాటికి క్షమాపణ చెప్పడం అబద్ధం అవుతుంది, అబద్ధం ఆడకూడదన్నది కూడా అదే వ్రతాల జాబితాలో, అహింస పక్కనే ఉంది అన్నాడు సేటు. చంపినవాటికి మనసులో ఒకసారి దండం పెట్టుకో, చంపనివాటి సంగతి రాసి ఇచ్చెయ్యి అన్నాడు.

నూకరాజు రాసి ఇచ్చేశాడు. నివేదికల్లో అంకెలు ఉత్తుత్తివనీ, ఏటా పది శాతం పెంచమన్నది హెల్తాఫీసరు గారేననీ, అందుచేత తాను అంతటి హంతకుణ్ణి కాననీ, దయచేసి పర్మనెంటు చెయ్యమనీ.

కాగితం చూసి పరబ్రహ్మం గారి తెల్లగుడ్డ జారిపోయింది. నూకరాజును గదిలోకి పిలిచి తలుపు వేశాడు.

"ఇదేం పని నూకరాజూ? నిన్ను హంతకుడన్నాం గానీ, ఎప్పుడైనా అబద్ధాలకోరువన్నామా?" అన్నాడు నొచ్చుకుంటూ. హంతకుడైతే క్షమాపణతో పోతుంది, దొంగ నివేదిక అయితే సంతకం పెట్టినవాడి ఉద్యోగం పోతుంది, కొంచెం పెద్దమనసు చేసుకుని ఆ దోమల్ని చంపినట్టే ఒప్పుకోమని బతిమాలాడు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. నూకరాజుకు ఆసుపత్రి మంచం మీద మంగతల్లి వణుకు కళ్ళముందు ఆడింది.

"చంపలేదండి. ఒప్పుకోనండి," అన్నాడు.

కాగితం కమిషనరు గారి దాకా వెళ్ళింది. విచారణ వేశారు. అసలు నివేదికలు, నూకరాజు సర్వీసు రిజిస్టరు హాజరుపరచమన్నారు. రికార్డు రూము తలుపు తీశారు. పిల్లిని పంపించి నాలుగు నెలలైంది, బోనులు తీసి నాలుగు నెలలైంది, చెదల శాంతికి భంగం కలిగించక నాలుగు నెలలైంది. ఇరవై రెండేళ్ళ నివేదికలున్న బీరువాలో గుప్పెడు పొడి, కొన్ని ఎలుకపిల్లలు ఉన్నాయి. సర్వీసు రిజిస్టరు అట్ట మాత్రం మిగిలింది. అట్టమీద పేరు ఉండాల్సిన చోట ఒక చిల్లు ఉంది.

పరబ్రహ్మం గారు ఎలుకలకు చేతులెత్తి నమస్కరించారు. ఆ నమస్కారంలో మాత్రం నటన లేదు.

మృత్యుంజయరావు గారు రెండురోజులు ఆలోచించి తుది ఉత్తర్వు ఇచ్చారు. "అర్జీదారు దోమలను చంపినట్లు దాఖలాలు ఏవియూ లభ్యము కానందున, సదరు వ్యక్తి ఏ ప్రాణిని హరించలేదని నిర్ధారించడమైనది. దాఖలాలలో ఏ హింసయూ లేని ఏకైక వ్యక్తి అయినందున, క్షమాపణ దినమున ప్రథమ అహింసా యోగ్యతాపత్రము వీరికి ప్రదానము చేయబడును. అటులనే, సదరు వ్యక్తి ఈ సంఘమున పనిచేసినట్లు కూడా దాఖలాలు లభ్యము కానందున, పర్మనెంటు చేయుట అను ప్రశ్న ఉత్పన్నము కాదు. ఈ తేదీ నుండి ఆఫీసునకు వచ్చుట మానుకొనవలెను."

నూకరాజు దాన్ని మూడుసార్లు చదువుకున్నాడు. ఇరవై రెండేళ్ళు. భుజం మీద మిషను బెల్టు రాసుకుని కాయకట్టిన మచ్చ ఇంకా ఉంది. అది దాఖలా కాదట.

భాద్రపదంలో క్షమాపణ దినం వచ్చింది. టౌనుహాలులో సభ. వేదిక ముందు నలభై పూలకుండీలు, ఒక్కొక్క కుండీ కింద పళ్ళెం, పళ్ళెం నిండా నీళ్ళు. సిబ్బంది అంతా తెల్లగుడ్డలు కట్టుకుని బారులు తీరి కూర్చున్నారు. పారస్‌మల్ సేటును మాత్రం పిలవలేదు. ఆయన పేరు ఏ కమిటీలోనూ లేదు. నూకరాజును వేదిక మీదకు పిలిచి శాలువా కప్పారు. అద్దం కట్టిన యోగ్యతాపత్రం చేతికిచ్చి, ఫోటోకు నిలబెట్టారు. తరవాత కమిషనరు గారు ఒక చేత్తో మైకూ ఇంకో చేత్తో ప్రసంగ పాఠమూ పట్టుకుని మొదలుపెట్టారు.

"మనము చంపినది దోమను కాదు సోదరులారా, మనలోని దయను..."

ఆ మాట దగ్గర ఒక దోమ వచ్చి ఆయన కుడి చెంప మీద తాపీగా కూర్చుంది. ముందు వరుసలో పక్క మునిసిపాలిటీల బృందాలున్నాయి, ఎదురుగా కెమెరాలున్నాయి. ప్రాణిని తోలరాదు, విదిలించరాదు, స్థానభ్రంశము కలిగించరాదు అని ఆయన ఉత్తర్వులోనే తొమ్మిదో నిబంధన. దోమ పని మొదలుపెట్టింది. ఆయన చదువుతూనే ఉన్నారు, చెంప మాత్రం ఎగిరెగిరి పడుతోంది. ఇంకోటి వచ్చి ముక్కుకొన మీద వాలింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఎంత కరుణ అని బృందాలవాళ్ళు చప్పట్లు కొట్టారు.

చప్పట్ల చాటున ఆయన మైకు పక్కకు తిప్పి నూకరాజు వైపు వంగారు. వేదిక మీద ఉన్నవాళ్ళందరికీ ఉత్తర్వు వర్తిస్తుంది, సిబ్బందిలో లేని నూకరాజు ఒక్కడికే వర్తించదు. ఆ సంగతి ఉత్తర్వు రాసినవాడికే ముందు తోచింది.

"కొట్టవయ్యా. నీకు చేతనైన పనేగా," అన్నారు పళ్ళబిగువున.

నూకరాజు యోగ్యతాపత్రాన్ని రెండు చేతులా ఆయన ముఖానికెదురుగా పట్టుకున్నాడు.

"నేను ఇరవై రెండేళ్ళలో ఒక్క దోమనీ చంపలేదండి. తమరే సంతకం పెట్టారు కదండీ," అన్నాడు నిదానంగా.

మైకు పూర్తిగా తిరగలేదు కాబోలు, ఆ మాట హాలంతా వినబడింది. వెనక వరుసలో తెల్లగుడ్డల కింద గుమాస్తాలు నవ్వారు. నవ్వుల ఏడాదిలో కూడా వాళ్ళు అలా నవ్వలేదు.

ఇంటికి వచ్చేసరికి మంగతల్లి అరుగు మీద గోడకు ఆనుకుని కూర్చుంది. ఆసుపత్రి నుంచి వచ్చి రెండురోజులైంది, ముఖం ఇంకా వాడిపోయే ఉంది.

"వచ్చిందా?" అంది.

"ఒక కోణంలో వచ్చింది," అని పటం చేతికిచ్చాడు.

"ఉద్యోగమా ఇది?"

"ఆ కోణంలో రాలేదే," అన్నాడు. ఆవిడ పటాన్ని అరుగు మీద బోర్లించింది. తరవాత గోడ పట్టుకుని లేచి, పెరట్లోకి వెళ్ళి, జామచెట్టుకున్న తాడు విప్పేసింది. ఇవ్వని దానికి అమ్మవారు మాత్రం ఏ ముఖంతో అడుగుతుంది అంది. ఊరంతటిలో అహింస వల్ల బాగుపడిన ప్రాణి అదొక్కటే. అది కూడా ఆ సంగతి తెలియక జామాకులే నములుతూ నిలబడింది.

మర్నాడు పొద్దున్నే నూకరాజుకు అలవాటు చొప్పున కాళ్ళు ఆఫీసు వైపు లాగాయి. వీధి మొగలో ఆగిపోయాడు. తరవాత వెనక్కొచ్చి పార తీసుకుని ఇంటి ముందు కాలవలోకి దిగాడు. సేటు కొట్టు తెరవడం మానేసి తట్ట పట్టుకొచ్చాడు, పార వేసేముందు చూసి వెయ్యవయ్యా, వానపాములుంటాయి అన్నాడు. చూసే వేశాడు. జ్వరం తగ్గినవాళ్ళు, తగ్గనివాళ్ళ ఇళ్ళవాళ్ళు ఒక్కొక్కరే వచ్చారు. మూడు రోజుల్లో కుమ్మరివీధి కాలవ అడుగు కనబడింది. తొట్లు బోర్లించారు, పాత టైర్లు, పగిలిన కుండలు ఏరేశారు. తీసిన పూడికను ఊరి బయట చేలలో పోసి వచ్చారు. సాయంత్రం నాలుగు గంటల్లోగా దాన్ని ఎవరూ తెచ్చి కాలవలో వెయ్యలేదు. వాళ్ళలో మునిసిపాలిటీ ఉద్యోగి ఒక్కడూ లేడు.

నెల తిరిగేసరికి ఆ వీధిలో జ్వరాలు ఆగిపోయాయి. పక్క వీధివాళ్ళు వచ్చి నూకరాజును పిలుచుకుపోయారు. ఊరంతా జ్వరాలుండగా ఆ ఒక్క వీధిలో ఎందుకు తగ్గాయో విచారించి నివేదిక సమర్పించమని కమిషనరు గారు పరబ్రహ్మం గారికి మెమో ఇచ్చారు. ఆయన వీధికి వెళ్ళలేదు గానీ, నివేదిక మాత్రం గడువులోగానే ఇచ్చారు. సంఘము వారి క్షమాపణ దినోత్సవము ఫలితముగా కుమ్మరివీధి దోమలు మనస్ఫూర్తిగా క్షమించి, స్వచ్ఛందముగా వెళ్ళిపోయినవి. క్షమించిన దోమల సంఖ్య ఇరవై ఒక్క లక్షలు. వచ్చే సంవత్సరము ఇంతకు పది శాతము అధికముగా క్షమించునని అంచనా.